పంచే ముందు హద్దులు

1850కి ముందు మా ప్రాంతంలో జ్ఞానస్నానం పుచ్చుకున్నవాడికి తండ్రి పొలంలో గట్టు కూడా దక్కేది కాదు. కులం నుంచి వెలి అయినవాడు ధర్మశాస్త్రం లెక్కలో చచ్చినవాడితో సమానం. చచ్చినవాడికి వాటా ఏమిటి? ఆ రోజుల్లోనే ఆల్ప్స్ కొండల కింద సవాయ్ ప్రాంతంలోని ఆన్సీ పట్నం నుంచి ఫ్రాన్సిస్ దె సేల్స్ సభ గురువులు విశాఖపట్నంలో అడుగుపెట్టింది 1846లో. నాలుగేళ్లకు, 1850లో, 21వ చట్టం వచ్చింది. మతం మారినంత మాత్రాన, కులం పోయినంత మాత్రాన వారసత్వం పోదని ఆ చట్టం చెప్పింది. మద్రాసు రాజధానిలో పెద్దమనుషులు దానికి వ్యతిరేకంగా అర్జీలు పెట్టారు. అయినా చట్టం నిలిచింది.

నేను దస్తావేజు లేఖరిని. జీవితమంతా సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా బల్ల వేసుకుని శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల జనం ఆస్తులు రాశాను. మా విచారణలో, అంటే మా గుడి పరిధిలో, కథోలిక కుటుంబాల వీలునామాలు, భాగపంపిణీ కాగితాలు చాలామటుకు నా చేతి మీదుగానే వెళ్లాయి. అన్నదమ్ములు విడిపోవడం చూశాను, కలిసి ఉండడమూ చూశాను. విడిపోయేదీ కలిసుండేదీ తేల్చింది ఆస్తి ఎంతుందన్నది కాదు. ఏది ఎవరిదో ముందు తేల్చుకుని, ఆ తర్వాత ప్రేమతో ఇచ్చుకున్న ఇళ్లు నిలబడ్డాయి. తేల్చుకోకుండా ఇచ్చుకున్నవి కోర్టుకెక్కాయి. ఈ మాట నేను సొంతంగా కనిపెట్టింది కాదు. మా ప్రాంతపు క్రైస్తవుల ఆస్తి చరిత్ర మొత్తం ఈ పాఠమే చెబుతుంది.

21వ చట్టం వాటా ఇచ్చింది గాని, మతం మారినవాడు చనిపోతే అతని ఆస్తి ఏ ధర్మం ప్రకారం పంచాలో చెప్పలేదు. ఆ ప్రశ్న బళ్లారిలో తేలింది. మాథ్యూ అబ్రహాం అని ఒక సారా వ్యాపారి ఉండేవాడు. పుట్టుకతో కథోలికుడు, తర్వాత ప్రొటెస్టెంటు అయ్యాడు. 1842లో వీలునామా రాయకుండా పోయాడు. భార్య షార్లెట్ ఒకవైపు, వ్యాపారంలో వెన్నంటి ఉన్న తమ్ముడు ఫ్రాన్సిస్ మరోవైపు. మనది ఉమ్మడి కుటుంబం, అన్న ఆస్తిలో నాకు వాటా ఉందని తమ్ముడన్నాడు. మాది హిందూ ఉమ్మడి కుటుంబం కానేకాదని వదినంది. దావా లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లింది. 1863లో తీర్పు వచ్చింది: మతం మారినవాడు పాత ధర్మాన్ని ఉంచుకోవచ్చు, వదిలేయనూ వచ్చు, అతను బతికిన తీరే సాక్ష్యం. అబ్రహాం కుటుంబానికి హిందూ ఉమ్మడి ధర్మం వర్తించదని తేల్చారు.

ఆ తమ్ముణ్ణి తలచుకుంటే నాకు జాలే. ఏళ్ల తరబడి అన్నతో కలిసి చెమటోడ్చాడు. నీ వంతు ఇంత అని అన్న బతికుండగా ఒక్క కాగితం మీద రాసి ఉంటే, లండన్ దాకా పోయిన ఆ తగవు ఉండేదే కాదు.

రెండేళ్లకే, 1865లో, భారత వారసత్వ చట్టం వచ్చి క్రైస్తవులకు ఆ ఎంపిక కూడా లేకుండా చేసింది. 1886లో మంగళూరు కథోలికుల దావాలో మద్రాసు హైకోర్టు ఆ మాటే ఖాయపరిచింది: దేశీయ క్రైస్తవులకు ఉమ్మడి వారసత్వం వర్తించదు. విజయనగరమూ, అప్పట్లో గంజాం జిల్లాలో ఉన్న శ్రీకాకుళమూ ఆ హైకోర్టు కిందివే. 1925 చట్టం అదే నడిపించింది, ఇప్పటికీ అదే. లెక్క చాలా సూటిగా ఉంటుంది. మొగుడు వీలునామా లేకుండా పోతే భార్యకు మూడో వంతు. మిగతా రెండు వంతులు పిల్లలకు, కొడుకని కూతురని తేడా లేకుండా సమానంగా.

తెలుగునాట హిందూ ఆడపిల్లకు పిత్రార్జితంలో కొడుకుతో సమాన వాటా చట్టమెక్కింది 1985 సెప్టెంబరు 5 నుంచి. అంటే కాగితం మీద మా ఆడపిల్లలు నూట ఇరవై ఏళ్లు ముందున్నారు. కాగితం మీదే. ఊళ్లో నడిచింది వేరు. పిల్లకు పెళ్లప్పుడు పసుపుకుంకుమ కింద అర ఎకరమో, పాతిక సెంట్లో నోటిమాటగా ఇచ్చి, "నీది నీకిచ్చేశాం" అనేవాళ్లు. కథోలిక ఇళ్లలోనూ అంతే. పెళ్లి గుడిలో జరిగినా ఆ భూమి పేరు పసుపుకుంకుమే. రిజిస్టరు చేసేవాళ్లు అరుదు. తండ్రి పోయాక అన్న దున్నుకోవడం, చెల్లెలు అడగలేకపోవడం, అడిగితే పుట్టింటి గడప మూసుకుపోవడం. వీటిని నేను దాతృత్వం అనలేను. చట్టం ఇచ్చిన హక్కును తక్కువ చేసి చేతిలో పెట్టి, దానికి ప్రేమ అని పేరు పెట్టడం అది.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. మావాళ్లలో ఎక్కువమందికి పంచుకోవడానికి ఆస్తే లేదు. ఒక ఇంటి స్థలం, రెండు తాటిచెట్లు, తర్వాతి రోజుల్లో ప్రభుత్వం ఇచ్చిన డి-పట్టా భూమి. 1977 చట్టం ప్రకారం ఆ పట్టా భూమి పిల్లలకు సంక్రమిస్తుంది గాని అమ్మడానికీ, దానమివ్వడానికీ వీల్లేదు. 2023 సవరణతో ఇరవై ఏళ్లు దాటినవాటికి దారి తెరుచుకుంది. సీతంపేట, పార్వతీపురం ఏజెన్సీలో సవరలు, జాతాపులు క్రైస్తవులైనా, వాళ్ల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1970 నాటి 1/70 చట్టం కాపు కాస్తోంది. గుడికి రాసిస్తామని ఆ కొండ మీంచి దిగి వచ్చినవాళ్లకు కూడా నేను ముందు ఆ చట్టమే చదివి వినిపించేవాణ్ణి. వాళ్ల మనసు నొచ్చుకున్నా సరే.

కలవారి సంగతి వేరేమీ కాదు. 1897లో ఆనంద గజపతి సంతానం లేకుండా పోయాక విజయనగరం సంస్థాన వారసత్వం మీద ఏళ్ల తరబడి దావా నడిచింది. ఆయన సోదరి రీవా మహారాణి దగ్గర కార్యదర్శిగా ఉన్న గురజాడ అప్పారావుకు ఆ వ్యాజ్యం పనుల్లోనే ఎంతో కాలం పోయింది. అంతటి కలానికి అది ఎంత నష్టమో తెలుగువాళ్లం ఊహించుకోగలం.

మా ఇంట్లో పాఠం రంగం నుంచి వచ్చింది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో రంగూన్‌ని రంగం అనే అంటారు. రేవుల్లో స్టీమరెక్కి వేలమంది బియ్యం మిల్లుల్లోకీ, ఓడరేవు కూలికీ వెళ్లారు. మా తాత అలా వెళ్లి మనియార్డర్లు పంపేవాడు. ఊళ్లో ఉన్న అన్నగారు, మా పెద్ద తాత, ఆ డబ్బుతో చెరువు కింద మడి కొన్నాడు. కొనేవాడు ఊళ్లో ఉన్నవాడే కనక పట్టా ఆయన పేరునే అయింది. 1941 డిసెంబరులో జపానువాళ్లు రంగం మీద బాంబులు వేశారు. తాత 1942లో అడవులు, కొండలు దాటి నడుచుకుంటూ, ఎముకలు మిగిలి ఇల్లు చేరాడు. అప్పటికి పెద్ద తాత కొడుకులు మీసాలొచ్చినవాళ్లు. "మా అయ్య పేరునున్న మడి మాది" అన్నారు.

చట్టం వాళ్ల వైపే ఉన్నట్టు కనిపించేది. క్రైస్తవులకు ఉమ్మడి కుటుంబం లేదు కనక ఎవరి పేరునుంటే వారిదని వాదించవచ్చు. బళ్లారి తమ్ముడి గతే మా తాతకూ పట్టేది. పెద్ద తాత ఒక ఆదివారం పూజ అయ్యాక ఉపదేశినీ, విచారణ గురువునీ ఇంటికి పిలిచాడు. ఫాదర్ గారు వచ్చి కూర్చున్నారు గాని తీర్పు చెప్పనన్నారట. లూకా సువిశేషంలో ఒకడు వచ్చి, మా అన్న చేత ఆస్తి పంచిపెట్టించమని అడిగితే, పంపకందారుగా ఉండడానికి ప్రభువు ఒప్పుకోలేదు, పేరాశ గురించి హెచ్చరించి వదిలేశాడు. ఆ గురువు గారూ అదే పద్ధతి పట్టారు. తేల్చుకోవలసింది అన్నదమ్ములే.

ఆ కాగితం ఇప్పుడు నా దగ్గరుంది. ఆరో జార్జి బొమ్మ స్టాంపు కాగితం, మడతల దగ్గర చిరిగి, వెనక గుడ్డ అంటించి ఉంది. అందులో రెండు షెడ్యూళ్లు. మొదటిదాంట్లో చెరువు కింద మడి, ఎకరం ఇరవై సెంట్లు, నాలుగు దిక్కులా హద్దులు, మదుం నుంచి నీళ్లొచ్చే బోదె మీద హక్కుతో సహా. దాన్ని దానమని రాయలేదు. తమ్ముడు రంగంలో కష్టించి పంపిన సొమ్ముతో కొన్నది గనక అతనిది అతనికి ఒప్పజెబుతున్నానని రాయించాడు. రెండోదాంట్లో ఇంటి వెనక పది సెంట్లు. అది తన సొంతమనీ, విధవరాలైన చెల్లెలికి ఇష్టపూర్తిగా ఇస్తున్నాననీ, తన కొడుకులు ఆమెను అక్కడి నుంచి కదపరాదనీ ఉంది. కింద కొడుకుల సంతకాలు కూడా తీసుకుని రిజిస్టరు చేయించాడు.

దస్తావేజులు రాయడం నేను నేర్చుకున్నది ఆ కాగితం నుంచే. బాకీ ఒక షెడ్యూలు, దానం ఇంకో షెడ్యూలు. రెండూ కలిపేసి ఉంటే మా తాత జీవితాంతం అన్నగారి దయ మీద బతుకుతున్నట్టుండేది, చెల్లెలికిచ్చిన పది సెంట్లకు విలువా ఉండేది కాదు. పెద్ద తాత మనవలూ మేమూ ఇప్పటికీ ఒకే సమాధుల తోటకు కలిసి వెళతాం.

ఒకే వంశంలో సగం హిందువులు, సగం కథోలికులు ఉన్న ఇళ్లు మా దగ్గర చాలా. అక్కడ 1956 హిందూ వారసత్వ చట్టంలోని 26వ సెక్షను అడ్డొస్తుంది. మతం మారినవాడికి హిందూ బంధువుల నుంచి వారసత్వం పోదు గాని, మారాక పుట్టిన అతని పిల్లలకు పోతుంది. నాగావళి ఒడ్డున ఒక ఊళ్లో పెళ్లి లేని పెద్దాయన పోయాడు. తమ్ముళ్లిద్దరూ అంతకుముందే పోయారు. ఒక తమ్ముడి పిల్లలు హిందువులు, రెండో తమ్ముడి పిల్లలు పుట్టు కథోలికులు. చట్ట ప్రకారం మొత్తం మొదటివాళ్లదే. వాళ్లే నా బల్ల దగ్గరకు వచ్చి, "ఆల్లకీ సగం రాసీ బాబూ, మా పెద్దయ్య ఇద్దర్నీ ఎత్తుకు పెంచినాడు" అన్నారు. నేను వారసత్వంగా రాయనన్నాను. అలా రాస్తే రేపు వాళ్ల మనవలు అది చెల్లదని కొట్టేయించగలరు. ముందు మొత్తం మీ పేరున ఎక్కించుకోండి, తర్వాత మీ ఆస్తిగా సగం దాన సెటిల్‌మెంటు చేయండి అన్నాను. ఖర్చు రెట్టింపయింది. ఇచ్చినవాళ్లు అయిష్టపడలేదు. ఇంతకంటే స్వచ్ఛమైన దానం నేను ఇంకెక్కడా రాయలేదు.

గుడికిచ్చే ఆస్తి సంగతికి వద్దాం. కథోలికులం దీన్ని దాచుకోకుండా మాట్లాడుకోవాలి. 1925 చట్టంలో 118వ సెక్షను ఉండేది, 1865 నుంచీ వస్తున్నదే. అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల పిల్లలో, అంతకంటే దగ్గరివాళ్లో ఉన్న క్రైస్తవుడు మతానికో ధర్మానికో ఆస్తి రాయాలంటే చావుకు కనీసం పన్నెండు నెలల ముందు వీలునామా రాయాలి, రాసిన ఆరు నెలల్లోగా రిజిస్ట్రారు దగ్గర దాఖలు చేయాలి. లేకపోతే చెల్లదు. ఎవరికి తెలుసు, తన చావు పన్నెండు నెలల అవతలుందో ఇవతలుందో? దీని వేళ్లు 1736 నాటి ఇంగ్లీషు చట్టంలో ఉన్నాయి. అవసాన దశలో మంచం పక్కన చేరిన గురువు వారసుల నోట్లో మట్టి కొడతాడన్న భయం అది.

కేరళకు చెందిన ఫాదర్ జాన్ వల్లమట్టం సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2003 జూలై 21న ప్రధాన న్యాయమూర్తి వి.ఎన్. ఖరే ధర్మాసనం ఆ సెక్షను రాజ్యాంగం 14వ అధికరణానికి విరుద్ధమని కొట్టేసింది. హిందువుకు లేని అడ్డు క్రైస్తవుడికెందుకన్న ప్రశ్నకు జవాబు లేకపోయింది. ఆ తీర్పు న్యాయమైనదని నా గట్టి నమ్మకం. ఒక అనాథ ఇంటికో, పాఠశాలకో ఇవ్వాలనుకున్న విధవరాలిని అనుమానితురాలిగా చూసిన చట్టం అది.

అయితే గోడ పోయింది కనక కాపలా మనమే ఉండాలి. జబ్బుపడినవాళ్లకు అవస్థాభ్యంగనం ఇవ్వడానికి వెళ్లిన చోట ఆస్తి మాట ఎత్తని గురువులను నేనెరుగుదును. నా స్నేహితుడైన ఒక ఫాదర్ గారు, ముసలామె తన జీడితోట గుడికి రాస్తానంటే, "నీ కూతురు ఏమందమ్మా?" అని అడిగి, కూతురిని వెంటబెట్టుకు రమ్మని పంపేశారు. ఆ కూతురికి ఇల్లు లేదు. చివరికి తోట కూతురికే వెళ్లింది. గుడికి ఒక గంట వచ్చింది. శ్రీసభ సొంత న్యాయస్మృతి, 1983 నాటిది, గుడికిచ్చే వీలునామాల్లో దేశ చట్టం కోరే లాంఛనాలు పాటించమనే చెబుతుంది. లాంఛనం తప్పినా, చనిపోయినవాళ్ల కోరిక తీర్చమని వారసులకు గుర్తు చేయమంటుంది. గుర్తు చేయడం వరకే, లాక్కోవడం కాదు.

మఠంలో చేరిన ఆడపిల్ల వాటా మీద కూడా ఊళ్లో తగవులొస్తాయి. ఆన్సీ నుంచే సెయింట్ జోసఫ్ సిస్టర్లు 1849లో మన తీరానికి వచ్చారు. వాళ్ల వెనక మన పల్లెల నుంచి వందలమంది ఆడపిల్లలు కన్యస్త్రీలయ్యారు. "మఠానికెళ్లిపోనాది, దానికేటి వాటా?" అంటారు అన్నదమ్ములు. వాటా ఉంది. దారిద్ర్య వ్రతం తీసుకున్నంతలో చట్టం ఆమెను చంపదు. ఆ న్యాయస్మృతే శాశ్వత మాటపట్టుకు ముందు ఆమె చట్టానికి నిలిచే వీలునామా రాయాలని శాసించింది. మా మేనత్త సిస్టరు. తన వాటాను సభకూ ఇవ్వలేదు, అన్నదమ్ములకూ వదల్లేదు. మొగుడు వదిలేసిన తన చెల్లెలి పేర హక్కు విడుదల రాసిచ్చి, సంతకం పెట్టిన కలం నాకే ఇచ్చేసింది.

ఇక ముసలివాళ్ల సంగతి. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. అరవై దాటగానే ఉన్నదంతా పంచేసి, నెలకొక కొడుకు దగ్గర వంతుకూడు తినే తల్లిదండ్రులు మా జిల్లాల్లో ప్రతి ఊళ్లో ఉన్నారు. కొన్నిచోట్ల తండ్రి ఒకరి వంతు, తల్లి ఇంకొకరి వంతు. ముప్పై ఒకటో తారీఖు ఎవరిదని గొడవ. కథోలిక బైబిల్లో 73 గ్రంథాలున్నాయి. మా బాప్టిస్టు బంధువుల బైబిల్లో లేని సీరా జ్ఞానగ్రంథం మాకుంది. దాని 33వ అధ్యాయం, ఊపిరున్నంత కాలం నీ ఆస్తి మీద అధికారం కొడుక్కైనా, భార్యకైనా ఇవ్వవద్దనీ, పంచితే ఆఖరి ఘడియలోనే పంచమనీ చెబుతుంది. దాన్ని స్వార్థమనుకునేవాళ్లకు ఒక్కటే చెబుతాను. తప్పిపోయిన కుమారుడి కథలో తండ్రి ముందే పంచాడు, నిజమే. కానీ ఇల్లు ఆయన చేతిలోనే ఉంది. అందుకే కొడుకు తిరిగొచ్చినప్పుడు విందు చేయగలిగాడు.

చదువు లేని మా అమ్మమ్మ అదే మాట తన భాషలో అనేది: "నా పేనం ఉన్నన్నాల్లు నా కూడు నా కుండలోనే ఉడకాల బాబూ." అందుకే నేను రాసిన ప్రతి దాన సెటిల్‌మెంటులో రెండు వాక్యాలు తప్పనిసరిగా పెట్టాను. ఇచ్చినవాళ్లకు యావజ్జీవ అనుభవ హక్కు ఒకటి. పుచ్చుకున్నవాళ్లు పోషించాలన్న షరతు రెండోది. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షను ప్రకారం, షరతు తప్పితే ఆర్డీవో గారి ట్రిబ్యునలు ఆ దానాన్ని రద్దు చేయగలదు. షరతు ఉన్నట్టు చూపించాలని సుప్రీంకోర్టు 2022లో అంది. 2025 జనవరిలో ముసలివాళ్లకు మేలు చేసేలా ఆ సెక్షనును ఉదారంగా చదవాలనీ అంది. రాసి ఉంటే ఏ వాదనా అక్కర్లేదు.

కొడుకులు మొహం మాడ్చుకునేవాళ్లు: "మా మీద నమ్మకం లేదా?" అని. నమ్మకం ఉంది కనకే ఇస్తున్నారు నాయనా, నీ తర్వాత వచ్చేవాళ్ల కోసం రాస్తున్నాం అనేవాణ్ణి.

చట్టంలోనే పెద్ద ఖాళీ ఒకటుంది. కథోలిక యువకుడు భార్యాపిల్లలను వదిలి హఠాత్తుగా పోతే, అతని తల్లికి చట్టం ప్రకారం ఒక్క సెంటు రాదు. హిందూ తల్లికైతే మొదటి తరగతి వారసురాలిగా వాటా ఉంది. చెన్నై, హైదరాబాదు కట్టడం పనులకు వలస వెళ్లే మా పల్లెల్లో ఇది ఊహకు తెచ్చుకున్న కష్టం కాదు. తల్లి చెవుల దుద్దులమ్మి కట్టిన ఇంట్లోంచి తల్లే బయటకు రావలసి వచ్చిన రోజు నేను చూశాను. కోడలు చెడ్డది కాదు. కాగితం లేదు, అంతే.

నవంబరు 2 సకల ఆత్మల పండుగ. సమాధుల తోటకు వెళ్లి పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి వస్తాం. ఈ ఏడు ఇంటికొచ్చాక పిల్లలందరినీ, కూతుళ్లతో సహా, కూర్చోబెట్టి ఏది ఎవరిదో ఎదురుగా చెప్పండి. పడుచువాళ్లయితే తల్లి పేరు మరవకండి. తర్వాత వీలునామా రాయండి. దానికి స్టాంపు కాగితం అక్కర్లేదు, రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు, తెల్లకాగితం చాలు. సాక్షులు మాత్రం ఇద్దరుండాలి. ఆస్తి పుచ్చుకునే కొడుకునో కూతురినో, వాళ్ల భార్యనో భర్తనో సాక్షిగా పెట్టకండి. క్రైస్తవుల విషయంలో 1925 చట్టం 67వ సెక్షను ప్రకారం, అలా పెడితే ఆ బిడ్డకు రాసినది చెల్లదు. మీ పెళ్లికి ముందు రాసినదైతే 69వ సెక్షను ప్రకారం పెళ్లితో రద్దయిపోతుంది, మళ్లీ రాయాలి.